గీత మీద నిలబడ్డ ఇంజిన్

మెకానిక్ షెడ్డులో పాత బండి స్టార్ట్ చేసి రేజ్ ఇస్తే సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ వస్తుంది. మెకానిక్ తల కూడా ఎత్తకుండా "రింగులు పోయాయన్నా, ఆయిల్ తాగేస్తోంది" అని తేల్చేస్తాడు. ఇంజిన్ గురించి అంతకన్నా లోతైన మాట నేను చదివిన పుస్తకాల్లో లేదు. మంటను ఒక గదిలో బంధించి, అది తోసే తోపును బయటికి లాక్కోవడమే ఇంజిన్ పని. తోపు పనికి రావాలంటే ఆ గదికి ఒక గోడైనా కదలాలి. కదిలే గోడకూ కదలని గోడకూ మధ్య సందు ఉండకూడదు. పిస్టన్ ఇంజిన్‌లో ఆ సందుకు కాపలా రింగు. రోటరీ ఇంజిన్ డిజైన్ చరిత్ర మొత్తం కూడా, నా లెక్కన, ఆ సందును ఎక్కడ పెట్టాలన్న చరిత్రే. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకున్న సందు అది.

అసలు తిప్పాలనే ఆలోచన ఎందుకొచ్చిందో ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. పిస్టన్ పైకెళ్లి ఆగుతుంది, కిందికొచ్చి ఆగుతుంది. షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు పూర్తిగా నిలిచిపోయి మళ్లీ పరుగందుకుంటుంది. ఆ ఎగుడుదిగుడు నడకను గుండ్రటి తిరుగుడుగా మార్చడానికి కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. గాలిని రానిచ్చి పొగను పోనివ్వడానికి వాల్వులు, స్ప్రింగులు, కామ్ షాఫ్టు. చక్రానికి కావలసింది తిరగడమే అయినప్పుడు ఈ డొంకతిరుగుడంతా దేనికి? జేమ్స్ వాట్ కూడా ఆవిరితో నేరుగా తిప్పే యంత్రం కోసం ప్రయత్నించి వదిలేశాడు. ఆవిరి విషయంలో ఆ కోరికను తర్వాత టర్బైన్ తీర్చింది. అక్కడ ఆవిరి పారుతూ పోతుంది కాబట్టి మూసిన గది అక్కర్లేదు. పెట్రోలును నొక్కి, మూసి, కాల్చాలంటే మాత్రం గది తప్పదు.

పేరు దగ్గరే ఒక తికమక ఉంది, దాన్ని తీర్చి ముందుకు పోదాం. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల్లో "రోటరీ" అంటే వేరే సంగతి. ఫ్రాన్సులో సెగ్వాన్ సోదరులు చేసిన నోమ్ ఇంజిన్‌లో క్రాంకు విమానానికి బిగించి ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతాయి. అలా తిరిగితే గాలి తగిలి వాటంతటవే చల్లబడతాయి. లోపల పిస్టన్లు మామూలుగానే ఉంటాయి. దానికి వాడిన నూనె మన ఆముదం. పెట్రోలు క్రాంక్ కేసులోంచే పోతుంది కాబట్టి అందులో కరగని నూనె కావాలి, ఆముదం కరగదు. వాడిన ఆముదం తిరిగి రాదు, పొగతోపాటు పైలట్ మొహాన పడుతుంది. కడుపులోకీ పోయేదట. పాలమూరు చేలల్లో ఆముదం చెట్లు చూసి పెరిగినవాళ్లకు ఆ పైలట్ల అవస్థ వివరించక్కర్లేదు. ఆ ఇంజిన్లు యుద్ధంతో పాటే పోయాయి. మనం మాట్లాడుకునేది పిస్టనే లేని రోటరీ గురించి.

దాన్ని చేసి చూపినవాడు ఫెలిక్స్ వాంకెల్. 1902లో జర్మనీలోని లార్‌లో పుట్టాడు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. చూపు మందం, డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు. నాజీ పార్టీలోనూ ఆ తర్వాత ఎస్.ఎస్.లోనూ ఉన్న మనిషి. యుద్ధం ముగిశాక ఫ్రెంచి సేనలు జైల్లో పెట్టాయి. ఇంజిన్ చరిత్రలు ఈ పేజీని గబగబా తిప్పేస్తుంటాయి, తిప్పకూడదు. ఇంజిన్ విషయానికొస్తే అతని అసలు విద్య సీలింగ్. విమాన ఇంజిన్లకు తిరిగే వాల్వులు చేయబోయి, సందులు మూయడంలో ఏళ్ల తరబడి చేతులు కాల్చుకున్నాడు. సీలును స్ప్రింగు ఒక్కటే నొక్కితే చాలదు, గదిలోని వాయువే దాని వెనక్కి దూరి గోడకేసి నొక్కేలా గాడి తీయాలని అతనికి బాగా పట్టుబడింది. రోటరీ ఊహలు అంతకుముందు చాలామందికి వచ్చాయి. వాంకెల్ ఆకారం దగ్గర కాకుండా సీలు దగ్గర మొదలుపెట్టాడు, తేడా అక్కడే.

1951లో నెకర్‌సుల్మ్‌లోని ఎన్‌ఎస్‌యూ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజిన్ నడిచింది. అందులో లోపలి రోటరే కాదు, బయటి గూడు కూడా తిరుగుతుంది. రెండూ తమ తమ ఇరుసుల మీద సమంగా తిరుగుతాయి కాబట్టి అదురు ఉండదు. 125 సీసీ బుల్లి ఇంజిన్, నిమిషానికి 17,000 చుట్ల దాకా వెళ్లేది. చిక్కల్లా స్పార్క్ ప్లగ్గు తిరిగే భాగంలో ఉండటం. ప్లగ్గు మార్చాలంటే ఇంజిన్ విప్పాలి. ఎన్‌ఎస్‌యూ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె, వాంకెల్‌కు చెప్పకుండా, గూడును కదలకుండా నిలబెట్టి రోటర్ ఒక్కటే పక్కకు ఊగుతూ తిరిగేలా మార్చాడు. తన పందెం గుర్రాన్ని నాగలికి కట్టారని వాంకెల్ మండిపడ్డాడని చెబుతారు. కానీ ఆ తర్వాత రోడ్డెక్కినవన్నీ పాష్కె దారిలోవే. వాంకెల్ పేరు మోస్తున్న ఇంజిన్ వాంకెల్‌కు ఇష్టం లేని రూపం.

అది ఎలా తిరుగుతుందో చెప్పడానికి బొమ్మకన్నా గాజు నయం. చూపుడువేలు నిలబెట్టి, దానికి ఒక గాజు తగిలించి తిప్పండి. గాజు వేలి చుట్టూ దొర్లుతుంది. గాజు మధ్యబిందువు వేలి చుట్టూ చిన్న వలయం గీస్తుంది, గాజు మాత్రం తన చుట్టూ తాను తీరిగ్గా తిరుగుతుంది. వేలి స్థానంలో కదలని పళ్లచక్రం, గాజు స్థానంలో రోటర్ లోపలి పళ్లచక్రం. జపాన్ కంపెనీ మజ్దా చేసిన 13బీ ఇంజిన్‌లో మొదటిదానికి 34 పళ్లు, రెండోదానికి 51. రెండుకు మూడు. ఈ నిష్పత్తి వల్ల షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. రోటర్ ఉబ్బిన భుజాల త్రిభుజం. దాని మూడు కొనలు గీసే గీతే గూడు ఆకారం: నడుము దగ్గర కాస్త నొక్కుకున్న రెండు గింజల వేరుశనగ కాయ. త్రిభుజానికీ గూడుకీ మధ్య మూడు గదులు ఏర్పడి, పెరుగుతూ తరుగుతూ చుట్టూ ప్రయాణిస్తాయి. ఒక గది పీల్చుకుంటుంటే ఒకటి నొక్కుతుంది, ఒకటి కాలుతుంది లేదా వదులుతుంది. పిస్టన్‌లో ఒక్కో దశకు షాఫ్టు 180 డిగ్రీలు తిరిగితే ఇక్కడ 270 తిరుగుతుంది.

డిజైనర్ చేతిలో ఉండే కొలతలు మూడే మూడు. రోటర్ మధ్య నుంచి కొన దాకా దూరం, షాఫ్టు మధ్య నుంచి రోటర్ మధ్య ఎంత పక్కకు జరిగిందన్న దూరం, రోటర్ మందం. మూడింటినీ హెచ్చవేసి 5.196తో గుణిస్తే ఒక గది పరిమాణం వస్తుంది. 13బీలో అవి 10.5, 1.5, 8 సెంటీమీటర్లు. గుణించి చూడండి, 654 సీసీ వస్తుంది. రెండు రోటర్లకు 1308. ఇక్కడే పన్నులవాళ్లకూ రేసులవాళ్లకూ తగాదా మొదలవుతుంది. రోటర్‌కు మూడు గదులున్నాయి కదా, ఒక్కటే లెక్కపెడితే ఎలా అని. షాఫ్టు ఒక చుట్టుకు ఒక్కో రోటర్ ఒకసారి మండుతుంది, ఫోర్ స్ట్రోక్ సిలిండరైతే రెండు చుట్లకు ఒకసారి. అందుకని రెట్టింపు లెక్క కట్టడమే న్యాయమని నా అభిప్రాయం. చిన్న ఇంజిన్‌లోంచి పెద్ద బలం వస్తుందని రోటరీ అభిమానులు చేసే ప్రచారంలో సగం ఈ లెక్కలో ఉంది. బరువూ చోటూ తక్కువ పట్టడం, వాల్వులు లేకపోవడం, అదురు లేకుండా జారిపోయినట్టు నడవడం మాత్రం ప్రచారం కాదు, నిజమే.

ఇక సందు దగ్గరికి వద్దాం. పిస్టన్ రింగు గుండ్రటి బోరుకు తన అంచు మందమంతా ఆన్చి కూర్చుంటుంది. ఎప్పుడూ ఒకే వాలు. రోటర్ కొనలో ఉండే సీలు, అపెక్స్ సీల్ అంటారు, అలా కూర్చోలేదు. గూడు వంపులు తిరుగుతుంటే సీలు గోడకు ఒకసారి ఇటు వాలి, ఒకసారి అటు వాలి జారుతుంది. 13బీ కొలతల్లో ఆ వాలు రెండు వైపులా 25 డిగ్రీల దాకా పోతుంది. అందుకే దాని మూతి గుండ్రంగా చేస్తారు. గుండ్రటి మూతి గోడను తాకేది ఒక గీత మీదే. ఆ గీతకు ఇవతల మండే వాయువు, అవతల అప్పుడే పీల్చిన గాలో పోతున్న పొగో. రెండు మిల్లీమీటర్ల మందం పట్టీ ఒక్కటే వాటి మధ్య. పైగా విశ్రాంతి లేదు. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర సీలు సెకనుకు సుమారు 23 మీటర్ల చొప్పున గోడను రాసుకుంటూ పోతుంటుంది. పిస్టన్‌లా పైనా కిందా ఆగి ఊపిరి తీసుకోవడం ఉండదు. కొనల్లో మూడు, రెండు పక్కల్లో ఆరు, ఇవి కలిసే మూలల్లో ఇంకో ఆరు బొడిపెల్లాంటి సీళ్లు, వాటన్నిటి వెనకా స్ప్రింగులు. రోటర్ ఒక్కదానికే ఇన్ని. మూల సీలు గాడి కాస్త వదులైనా వాయువు అక్కడే కారుతుంది. సీళ్లకు తడి అందాలంటే కొంచెం కొంచెం ఆయిల్ లోపలికి వదలాలి, అది కాలిపోతుంది. మన షెడ్డులో రోగం అనేది ఇక్కడ ఆరోగ్య లక్షణం.

గోడ పరిస్థితీ అంతే. పిస్టన్ ఇంజిన్‌లో పీల్చడం, కాల్చడం ఒకే గదిలో జరుగుతాయి, కాలిన గోడను చల్లటి గాలి వచ్చి తాకుతుంది. రోటరీలో పీల్చే చోటు ఎప్పుడూ పీల్చే చోటే, మండే చోటు ఎప్పుడూ మండే చోటే. గూడుకు ఒక పక్క నిత్యం రోహిణికార్తె, ఇంకో పక్క నిత్యం ధనుర్మాసం. ఒకే లోహపు పెంకు ఒకవైపు సాగి ఒకవైపు సాగకపోతే గీత గీతగా ఉండదు.

మండే గది ఆకారం మూడో కష్టం. సిలిండర్‌లో మంట గుండ్రటి చిన్న గదిలో పుట్టి అన్ని వైపులకూ పాకుతుంది. ఇక్కడ గది పొడుగ్గా, పల్చగా, అరటిఆకు డొప్పలా ఉంటుంది, అదీ పరిగెడుతూ ఉంటుంది. మంట అంత దూరం పాకలేదని రెండు ప్లగ్గులు పెట్టారు. అయినా వెనక కొసలో కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. చుట్టూ గోడ ఎక్కువ కాబట్టి వేడి చాలా నీళ్ల పాలవుతుంది. మైలేజీ రాకపోవడానికి కారణం ఇదే, డ్రైవర్ కాలు కాదు. సీలు సమస్యకు మంచి లోహం మందు అయింది గానీ దీనికి మందు లేదు. ఎందుకంటే ఇది జబ్బు కాదు, ఆకారం. నన్నడిగితే రోటరీని ఓడించింది అందరూ చెప్పే సీలు కాదు, ఈ డొప్ప.

అయితే మొదట పేరు చెడగొట్టింది సీలే. ఎన్‌ఎస్‌యూ 1964లో స్పైడర్ అనే చిన్న కారుతో మొదలుపెట్టి, 1967లో ఆర్‌ఓ 80 తెచ్చింది. రెండు రోటర్లు, 115 హార్స్‌పవర్, క్లౌస్ లూటె గీసిన గాలికోత ఆకారం. ఈ రోజు రోడ్డు మీద నిలబెట్టినా పాతకారు అనిపించదు. 1968కి యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ అయింది. ఆ తర్వాత ఇంజిన్లు వరసగా వెనక్కి రావడం మొదలైంది. సీళ్లు అరిగి కంప్రెషన్ పోయేది. అదురు లేదు, వాల్వుల చప్పుడు లేదు కాబట్టి ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో డ్రైవర్‌కు తెలిసేది కాదు. హద్దు దాటితే మోగేలా చివరికి ఒక బజర్ పెట్టాల్సి వచ్చింది. ఏ సుఖం చూపి అమ్మారో ఆ సుఖమే ఇంజిన్‌ను తినేసింది. వారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి కంపెనీ చితికిపోయి 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతికిపోయింది, ఆడిలో కలిసిపోయింది. ఆర్‌ఓ 80 యజమానులు రోడ్డు మీద ఎదురుపడితే ఇప్పటికి ఎన్ని ఇంజిన్లు మార్చారో వేళ్లెత్తి చూపుకునేవారని ఓ కథ ప్రచారంలో ఉంది. కథే కావచ్చు, కానీ ఏ కారు మీదా అలాంటివి ఊరికే పుట్టవు. కొందరు ఆ ఇంజిన్ తీసేసి ఫోర్డ్ వీ4 బిగించుకున్నారు. 1977 దాకా 37,000కు పైగా తయారయ్యాయి.

మజ్దా అనగానే మన రోడ్ల మీద తిరిగిన స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తొస్తాయి. అవి అచ్చంగా పిస్టన్ డీజిల్ బళ్లు. హిరోషిమాలోని అసలు కంపెనీ 1961లో ఎన్‌ఎస్‌యూ దగ్గర లైసెన్సు కొన్నది ఇంజిన్ మోజుతోనే కాదు. చిన్న కార్ల కంపెనీలను పెద్దవాటిలో కలిపేయాలని జపాన్ ప్రభుత్వం చూస్తున్న రోజులవి. ఇంకెవరి దగ్గరా లేనిది తమ దగ్గర ఉంటే తప్ప నిలబడలేమని అధిపతి త్సునెజి మత్సుదా లెక్క. 1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లతో ప్రత్యేక విభాగం పెట్టారు. జపాన్ చరిత్రలోని 47 మంది సమురాయ్‌లతో వాళ్లను పోల్చడం అప్పటినుంచీ ఉంది.

వాళ్లు ఇంజిన్ నడిపి విప్పి చూస్తే గూడు లోపలి క్రోమ్ పూత మీద వరసగా అడ్డగీతలు, గోళ్లతో రక్కినట్టు. దయ్యపు గోళ్లని పేరు పెట్టుకున్నారు. ముందు అందరూ అనుమానించింది లోహపు గట్టిదనాన్నే. ఇంకా గట్టి సీలు, ఇంకా గట్టి పూత పెట్టి చూశారు. గీతలు పోలేదు. చివరికి తేలింది గట్టిదనం కాదు, వణుకు. ఒక వేగం దగ్గర సీలు తన సహజ కంపనంతో శ్రుతి కలిపి గోడ మీద గంతులేస్తోంది. నల్లబోర్డు మీద సుద్దముక్క నిలబెట్టి లాగితే కిర్రుమంటూ చుక్కల గీత పడుతుంది చూడండి, సరిగ్గా అదే. సీలులో అడ్డంగా, నిలువుగా రంధ్రాలు తొలిచి దాని కంపనాన్ని మార్చేసరికి గీతలు పోయాయి. తర్వాత అల్యూమినియం కలిపిన కర్బనంతో సీలు చేసి 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి పెట్టారు. ఆ కారు మరుసటి ఏడాది న్యూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటల పోటీకి వెళ్లి నాలుగో స్థానంలో వచ్చింది. సమస్యను గట్టిదనం నుంచి వణుకుకు మార్చి చూడటం ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం.

మిగతావాళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మెర్సిడెస్ సీ111 అనే అందమైన ప్రయోగపు కారు చేసి అక్కడే ఆపింది. జనరల్ మోటార్స్ 1970లో 5 కోట్ల డాలర్లకు లైసెన్సు మాట్లాడుకుని 1974లో పక్కన పెట్టేసింది. సిట్రోయెన్ జీఎస్ బిరోటర్ పెట్రోలు సంక్షోభం ముంచుకొచ్చిన 1973లోనే మార్కెట్లోకి దిగింది. 847 అమ్మి, వీలైనన్ని వెనక్కి కొని తుక్కు చేసింది. మజ్దా కూడా ఆ సంక్షోభంలో దాదాపు మునిగి, సుమితోమో బ్యాంకు ఆదుకుంటే బతికింది. చిత్రమేమిటంటే పొగ నిబంధనలను మాత్రం రోటరీ పలువురి కన్నా ముందే దాటింది. మంట చల్లగా ఉంటుంది కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ, కాలని పెట్రోలును సైలెన్సర్ దారిలో గాలి కొట్టి కాల్చేశారు. అంటే మైలేజీని పొగగొట్టంలో తగలేసి నిబంధన దాటారన్నమాట.

1991లో నాలుగు రోటర్ల మజ్దా 787బీ లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. జపాన్ కంపెనీకి అదే మొదటి గెలుపు. ఓర్వలేక మరుసటి ఏడాది రోటరీని నిషేధించారని ఇప్పటికీ ప్రచారం. అది నిజం కాదు, 3.5 లీటర్ పిస్టన్ ఇంజిన్ల నిబంధన ఆ రేసుకు ముందే ఖాయమై ఉంది. 787బీ ఇంజిన్‌లో కొనల సీళ్లు సిరామిక్‌వి, రోటర్‌కు మూడు ప్లగ్గులు. 24 గంటలూ దాదాపు ఒకే జోరులో నడిచిన ఇంజిన్ అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది. 2003 ఆర్‌ఎక్స్-8లో పొగ పోయే రంధ్రాన్ని గూడు చుట్టుగోడ నుంచి పక్కపలకకు మార్చారు. దాంతో పీల్చే రంధ్రమూ వదిలే రంధ్రమూ ఒకేసారి తెరిచి ఉండటం పోయింది. మైలేజీ మెరుగైంది. డొప్ప మాత్రం డొప్పలాగే ఉంది. 2012లో దాని తయారీ ఆగింది.

వాంకెల్ ఆకారాన్నే వదిలేద్దామన్నవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో రాల్ఫ్ సారిచ్ 1972లో ఆర్బిటల్ ఇంజిన్ చూపాడు. అందులో లోపలి ముక్క తిరగదు, వలయంగా ఊగుతుంది. సీలు వేగం తగ్గింది గానీ లోపలి భాగాలకు చల్లదనం, నూనె అందలేదు. ఆ ఇంజిన్ బజారుకు రాలేదు. అయితే దానికోసం మొదలైన కంపెనీ తర్వాత టూ స్ట్రోక్ ఇంజిన్లకు నేరుగా పెట్రోలు చిమ్మే పద్ధతి మీద పనిచేసింది, 2007 బజాజ్ జీడీఐ ఆటోలో ఆ పద్ధతే ఉంది. రోటరీ కలల్లోంచి రాలిన ఒక ముక్క మన ఆటోస్టాండుకు అలా చేరింది.

ఇప్పుడున్నవాటిలో ఆసక్తిగా చూడాల్సింది అమెరికాలోని కనెటికట్‌లో ష్కోల్నిక్ తండ్రీకొడుకులు పెట్టిన లిక్విడ్‌పిస్టన్. వాళ్లు వాంకెల్‌ను తిరగేశారు. వేరుశనగ కాయ ఆకారం రోటర్‌కు, మూడు మూలల ఆకారం గూడుకు ఇచ్చారు. కొన సీళ్లు ఇప్పుడు గూడులో కదలకుండా ఉంటాయి. బయటినుంచి నేరుగా ఆయిల్ చుక్క అందించొచ్చు, తిరుగుడుకు అవి గోడకేసి బాదుకోవు. మండే గది కూడా కదలదు, దాన్ని కావలసినట్టు చిన్నగా, గుండ్రంగా చేసుకోవచ్చు. అంటే ఒక్క తిరగేతతో గీత కష్టాన్నీ డొప్ప కష్టాన్నీ రెండింటినీ పట్టుకోబోయారు. వదిలిన చోటు రోటర్ లోపల. గాలి, పొగ దానిలోంచే రాకపోకలు సాగించాలి, కాబట్టి దాని పక్కల్లో సీలింగూ చల్లదనమూ కొత్త చిక్కులు. సందు మళ్లీ జరిగింది, పోలేదు. అయినా ఇది మంచి జరుగుడు.

ఇన్ని దెబ్బలు తిన్నాక రోటరీకి కుదిరిన చోటు ఆకాశం. డ్రోన్‌కు కావలసింది తక్కువ బరువు, తక్కువ అదురు, గంటల తరబడి ఒకే వేగం. కెమెరా వణకకూడదు. బ్రిటన్‌లో తయారైన చిన్న వాంకెల్ ఇంజిన్లు ఎన్నో సైనిక డ్రోన్లను నడిపాయి. మన డీఆర్‌డీఓ నిశాంత్ కూడా మొదట దిగుమతి చేసుకున్న వాంకెల్‌తోనే ఎగిరింది. తర్వాత అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ, బెంగళూరులోని ఎన్‌ఏఎల్, ఏడీఈ సంస్థలు కలిసి 55 హార్స్‌పవర్ దేశీ వాంకెల్ తయారుచేశాయి. 2009లో కోలారు దగ్గర నిశాంత్ దానితో ఎగిరింది. లె మాన్స్ మాట గుర్తుందా? ఒకే జోరున నడవమంటే ఈ ఇంజిన్ నడుస్తుంది. ఆగుతూ, పాకుతూ, సిగ్నల్ దగ్గర గురకపెడుతూ పొమ్మంటేనే దానికి కష్టం.

మజ్దా కూడా చివరికి అదే దారికొచ్చింది. 2023లో వచ్చిన ఎంఎక్స్-30 ఆర్-ఈవీలో చక్రాలను తిప్పేది ఎలక్ట్రిక్ మోటారు. ఒకే ఒక్క రోటర్ ఉన్న 8సీ ఇంజిన్ జనరేటర్ తిప్పి కరెంటు ఇస్తుంది, అంతే. పాత లెక్కే వేసి చూడండి: 12, 1.75, 7.6 సెంటీమీటర్లు, 5.196తో గుణిస్తే 830 సీసీ. రోటర్ వెడల్పు పెరిగి మందం తగ్గింది. పెట్రోలు నేరుగా గదిలోకి చిమ్ముతుంది. పక్కపలకలు ఇనుము పోయి అల్యూమినియం అయ్యాయి, వాటి మీద సిరామిక్ కలిపిన పూత. అపెక్స్ సీలు 2 మిల్లీమీటర్ల నుంచి 2.5 అయింది.

2024 ఫిబ్రవరిలో కంపెనీ రోటరీ విభాగాన్ని మళ్లీ తెరిచింది. అప్పుడు 47 మంది, ఇప్పుడు 36 మంది. రక్కిన గీతలు వీళ్ల సమస్య కాదు. కొసలో కాలకుండా మిగిలే ఆ కాస్త పెట్రోలును రాబోయే పొగ నిబంధనల లోపలికి ఎలా తేవాలన్నది వీళ్ల బల్ల మీదున్న మొదటి పని.